నడుములో చెరువు

నడుము పట్టేసిందంటే మన ఇళ్ళల్లో ముందుగా వెతికేది డాక్టరును కాదు, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు వీధిలో ఎవరైనా ఉన్నారా అని. తలకు బదులు కాళ్ళు ముందుగా భూమ్మీద మోపిన ఆ మహానుభావుడు వచ్చి నడుము మీద మూడుసార్లు తొక్కితే నొప్పి ఎగిరిపోతుందని నమ్మకం. కర్నూలు, కడప పల్లెల్లో ఈ పనికి ఆరేళ్ళ కుర్రాణ్ణయినా సరే ఎంతో మర్యాదగా పిలుచుకుపోయేవారు. పనయ్యాక చేతిలో బెల్లం ముక్కో, గుప్పెడు చెనక్కాయలో పెట్టి పంపేవారు. వాడు దొరక్కపోతే వావిలాకు నీళ్ళు, ఆముదం, ఉప్పుమూట కాపడం ఉండనే ఉన్నాయి. ఏది చేసినా కొన్నాళ్ళకు చాలామందికి తగ్గేది. ఏమీ చేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గేదేనని ఇప్పటి డాక్టర్లు అంటారు. అది వింటే ఆ కుర్రాడు నొచ్చుకుంటాడు గావును.

ఈమధ్య పెళ్ళిళ్ళలో నలుగురు ఆడవాళ్ళు చేరిన చోట కొత్త మాటలు వినిపిస్తున్నాయి. "కోత లేదటమ్మా, ఒక్క సూదేనట. డిస్కులో జెల్లు ఎక్కిస్తారట. స్టెమ్ సెల్స్ వేస్తే అరిగిపోయింది మళ్ళీ పుడుతుందట. లక్షల్లో అవుతుందట. నిజమేనా?" అని. ఇంకా తేలలేదన్నదే ప్రస్తుతానికి దీనికి జవాబు. అయితే ఆ సూది ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. మనిషి నడుములోకి సూదితో ఏదో ఒకటి పంపడం మొదలై అరవై ఏళ్ళు దాటింది. ఆ కథలో ఒక బొప్పాయి కాయ ఉంది, ఒక సైకిలు డైనమో ఉంది, కాస్త పక్కకు తిరిగి చూస్తే మన కడప జిల్లా చెరువు కూడా ఒకటి ఉంది.

ముందు ఈ డిస్కంటే ఏమిటో చూద్దాం. వెన్నుపూసకూ వెన్నుపూసకూ మధ్య మెత్తలాగా ఉండే బిళ్ళ అది. ఇలాంటివి మనకు 23 ఉంటాయి. అంచు చుట్టూ చాప అల్లినట్టు పొరలు పొరలుగా గట్టి నారపట్టీ, మధ్యలో తాటిముంజ లాంటి జిగురు పదార్థం. చిన్నతనంలో ఆ ముంజలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీళ్ళే. సబ్జా గింజల్ని నీళ్ళలో వేస్తే ఒక్కొక్క గింజా తన చుట్టూ నీటిని కట్టేసుకుని ఉబ్బుతుంది చూడండి, ఈ ముంజలోని పదార్థమూ అలాగే నీటిని పట్టి ఉంచుతుంది. పగలంతా మన బరువుకు ఆ నీరు కొంత బయటికి పిండుకుపోతుంది. రాత్రి పడుకున్నాక మళ్ళీ పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేచినప్పుడున్న ఎత్తు సాయంకాలానికి ఒక సెంటీమీటరు, కొందరిలో ఇంకాస్త, తగ్గుతుంది. పెళ్ళిచూపులు పొద్దున్నే పెట్టుకోవడం మంచిదన్నమాట!

1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రవేత్త బృందం 45 ఏళ్ళ మనిషి ఒకాయన నడుము డిస్కులోకి ఒత్తిడి కొలిచే చిన్న పరికరాన్ని పంపి, ఒక రోజంతా ఆయన ఏం చేస్తే ఒత్తిడి ఎంత పెరుగుతుందో చూశారు. మామూలుగా నిలబడితే ఎంత ఉందో, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే అంతకు నాలుగింతలు దాటింది. మోకాళ్ళు మడిచి ఎత్తితే కాస్త నయం. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే రెండింతల దగ్గర ఆగింది. నిద్రపోయిన ఏడు గంటల్లో, ఏ బరువూ లేకుండానే, డిస్కులో ఒత్తిడి రెండింతలకు పైగా పెరిగింది. అంటే ముంజ నీళ్ళు తాగిందన్నమాట.

ఈ లెక్కలు చదివినప్పుడు నాకు మన సీమ ఆడవాళ్ళే కళ్ళముందు మెదిలారు. 15 లీటర్ల బిందె అంటే నీళ్ళే 15 కిలోలు. బావిలోంచి చేదేటప్పుడు ఒంగడం, బిందె ఎత్తేటప్పుడు ఒంగడం, చంకన పెట్టుకుని మైలు నడవడం. కర్నూలు వైపు బుడ్డలన్నా, కడప వైపు చెనక్కాయలన్నా పీకేది మాత్రం నడుము వంచే. కలుపూ అంతే, పత్తి తీతా అంతే. ఇంటికొస్తే నేలమీది పొయ్యి. చంకన బిందె పెట్టుకునే పద్ధతిలో మాత్రం ఒక తెలివుంది సుమా! బరువు ఒంటికి ఆనుకుని ఉంటుంది. జర్మనీ లెక్క రాకముందే మన అమ్మమ్మలకు అది తెలుసు.

నేలమీది పొయ్యి సంగతి వచ్చింది కనుక ఇంకొక్క మాట. ఆడదాని నడుముకు మన ప్రాంతం చేసిన మేలు ఒకటుంది. అది కడప రాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో పలకలు పలకలుగా ఊడివచ్చే ఆ సున్నపురాయి వంటింటి గట్టుగా ఊరూరికీ వెళ్ళింది. ఇప్పుడు గ్రానైటు దాన్ని పక్కకు నెట్టిందిగానీ, మధ్యతరగతి ఇళ్ళల్లో పొయ్యి నేలమీంచి లేచి నిలబడింది చాలాచోట్ల ఆ నల్ల బండ మీదే. మనం నిలబడి వండుకున్నాం. ఆ బండను గనిలోంచి మోసినవాళ్ళ నడుముల సంగతి వేరే కథ, అది ఎవరూ రాయలేదు.

ఇక అసలు చరిత్రలోకి వద్దాం. కాలిలోకి జివ్వున లాగే నొప్పిని మన ఆయుర్వేదం గృధ్రసి అంది. డాక్టర్లు సయాటికా అన్నారు. పేర్లయితే ఉన్నాయిగానీ కారణం ఎవరికీ అంతుపట్టలేదు. వెన్నులో ఆపరేషను చేసినప్పుడు నరాన్ని నొక్కుతూ చిన్న ముద్ద దొరికితే అది కంతి అనుకుని తీసేసి సీసాలో దాచేవారు. అమెరికాలో బోస్టన్ నగరంలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లకు అనుమానం వచ్చి, ఆ పాత ముద్దల్ని మళ్ళీ తీసి పరీక్షిస్తే వాటిలో చాలావరకు కంతులు కావు, చాప పట్టీ చిరిగి బయటికి జారిన ముంజ ముక్కలు! 1934లో వాళ్ళిద్దరూ ఈ సంగతి ప్రకటించాక గానీ "డిస్కు జారడం" అనే మాట లోకానికి తెలియలేదు. ఆపైన ఇరవై ముప్ఫై ఏళ్ళు ఒకటే మంత్రం, కోసి తీసెయ్యడం.

కోయకుండా కరిగిస్తే? ఇక్కడే మన బొప్పాయి వస్తుంది. సీమలో కొన్నిచోట్ల పరంగికాయ అంటారే, అదే. పరంగివాళ్ళు ఓడల్లో తెచ్చిన కాయ గనక ఆ పేరు. ఒకప్పటి కడప జిల్లా రైల్వే కోడూరు వైపు తోటలకు తోటలే ఉన్నాయి. ముదురు మాంసం ఉడకనప్పుడు నాలుగు పచ్చి బొప్పాయి ముక్కలు పడేస్తే మెత్తబడుతుందన్నది మాంసం వండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పచ్చికాయ గీస్తే కారే పాలలోని పదార్థం మాంసకృత్తుల్ని విడగొడుతుంది.

1956లో అమెరికాలో లూయిస్ థామస్ అనే డాక్టరు వేరే ఏదో పరిశోధన కోసం ఆ బొప్పాయి పాల సారాన్ని కుందేళ్ళ రక్తంలోకి ఎక్కించిన ముచ్చట రాశాడు. కుందేళ్ళు చావలేదు, జబ్బూ పడలేదు. తెల్లవారేసరికి వాటి చెవులు మాత్రం తడిసిన గుడ్డపేలికల్లా కిందికి వాలిపోయాయి! చెవుల్లోని మృదులాస్థి మెత్తబడిందన్నమాట. కొన్నాళ్ళకు మళ్ళీ నిక్కబొడుచుకున్నాయి లెండి. ఆయన ఈ విడ్డూరాన్ని చాలా ఏళ్ళ ముందే ఒకసారి చూసి పక్కన పెట్టేశాడట. మళ్ళీ ఎందుకో గుర్తుకొచ్చి తవ్వి తీశాడు.

అది చదివిన లైమన్ స్మిత్ అనే ఎముకల డాక్టరుకు, చెవిని వంచింది నడుములోని ముంజను కరిగించదా అని తోచింది. బొప్పాయి పాలలోనే ఉండే కైమోపపెయిన్ అనే ఇంకో పదార్థాన్ని సూదితో మనుషుల డిస్కులోకి పంపి, 1964లో ఫలితాలు ప్రకటించాడు. చాలామందికి కాలి నొప్పి తగ్గింది. ఆపైన పరీక్షలు, వాదాలు, అనుమానాలు. చివరికి 1982లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. వేలాది మంది పొడిపించుకున్నారు. తిరగబడింది కూడా అప్పుడే. కొందరికి ఆ పదార్థం పడక సూది పొడిచిన నిమిషాల్లోనే రక్తపుపోటు పడిపోయింది, కొందరు చనిపోయారు. అరుదుగా వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. ఈ పడకపోవడం అనే ప్రమాదం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. అక్కడ మాంసం మెత్తబడడానికి వంటింట్లో చల్లే పొడిలో ఉండేదీ బొప్పాయి సారమే. అందుకని సూదికి ముందు రోగిని "మీకు ఆ పొడి పడుతుందా?" అని అడిగేవారు. వైద్యంలో ఇల్లాలి మసాలా డబ్బా గురించి అడగాల్సి రావడం అదే మొదలేమో. 2003 నాటికి అమెరికాలో ఆ మందు అమ్మకం ఆగిపోయింది.

పనిచేసే మందే ఎందుకలా పోయింది? ప్రమాదాల వల్లనే కాదు. కరిగించడమూ ఒక రకం తీసెయ్యడమే. ముంజ పోయిన చోట పూసలు దగ్గరికి వచ్చి, బిళ్ళ పలచబడి, పదేళ్ళ తర్వాత ఇంకో రకం నొప్పి మొదలయ్యేది కొందరికి. తీసినదాని చోట ఏదైనా పెట్టాలన్న ఆలోచన అలా బలపడింది. స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రామ్ అనే ఆయన 1960లలో ఏకంగా ఉక్కు గుండు పెట్టి చూశాడు. అది మెత్తని పూసల్లోకి దిగబడింది. ముంజ ఉండాల్సిన చోట గోలీ పెడితే ఏమవుతుంది మరి?

ముంజ లాంటిదే కావాలంటే నీటిని పట్టుకునే పదార్థం కావాలి. దాన్ని మనిషి చేతితో తయారుచేసినవాడు ఒట్టో విఖ్తర్లె అనే చెకొస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త. ఆయన, లిమ్ అనే సహచరుడు కలిసి 1960లో ఒక ప్లాస్టిక్కును వర్ణించారు. అది నీళ్ళలో కరగదు, నీళ్ళను తాగి మెత్తగా ఉబ్బుతుంది. ఇదే హైడ్రోజెల్. దానితో కంటిలో పెట్టుకునే మెత్తటి అద్దాలు చెయ్యాలని ఆయన పట్టుదల. ప్రభుత్వం ఆ పని ఆపించింది. ఆయన ఊరుకోలేదు. 1961 క్రిస్మస్ సెలవుల్లో పిల్లలు ఆడుకునే ఇనప బద్దల బొమ్మ సామాను, ఒక సైకిలు డైనమో తెచ్చి ఇంట్లో బల్ల మీద ఒక యంత్రం బిగించి, గుండ్రంగా తిప్పుతూ మొదటి మెత్తటి లెన్సులు పోశాడు. మరుసటి ఏడు మొదటి నెలల్లో భార్య లిండా, ఆయనా కలిసి అదే బల్ల మీద వేలకొద్దీ చేశారు. ఇవాళ మన అమ్మాయిలు కళ్ళజోడు వద్దని పెట్టుకునే లెన్సుకు మూలపుటం ఆ వంటింటి బల్లే. ఆయన పేరు చెప్పేవాళ్ళు తల్లి లాంటి ఆ లిండా పేరు ఎందుకు చెప్పరో!

అలాంటి జెల్లును చిన్న దిండుగా కుట్టి డిస్కులో పెట్టే పద్ధతిని చార్లెస్ రే అనే అమెరికా సర్జను రూపొందించాడు. 1996లో దాన్ని మనుషులకు పెట్టడం మొదలైంది. నడుము వంచినప్పుడు కొందరిలో ఆ దిండు పక్కకు జారి బయటికొచ్చింది. అప్పుడు పుట్టింది సూదితో ఎక్కించే జెల్లు ఆలోచన. నెయ్యి వేడికి కరిగి, చల్లారితే పేరుకుంటుంది కదా, అలాగే వేడిచేసినప్పుడు చిక్కటి ద్రవంగా సూదిలోంచి దిగి, ఒంటి వేడికి వచ్చేసరికి డిస్కులోని చీలికల్లో పేరుకుపోయే జెల్లు ఒకటి చేశారు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో 20 మంది మీద చేసిన తొలి పరీక్ష ఫలితాలు 2022లో బయటికొచ్చాయి. ఆరు నెలలకు నొప్పి బాగా తగ్గిందన్నారు. బాగానే ఉంది. కానీ 20 మందీ మందు వేయించుకున్నవాళ్ళే. పోల్చి చూడ్డానికి వేయించుకోనివాళ్ళు లేరు. వెనకటికి మన ఎదురుకాళ్ళ కుర్రాడి వైద్యానికీ ఇదే లోపం.

ఇప్పుడు చెరువు దగ్గరికి వెళ్దాం. కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువుంది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అక్కడి శాసనమే చెబుతుంది. ఆ శాసనంలో ఇంకో గొప్ప సంగతి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెక్కించారు. నీళ్ళు తెచ్చే ఏరు ఉండాలట. కట్ట గట్టిగా ఉండాలట. దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. ఇంకొకటి, నేల పెద్దది, నీళ్ళు చాలనివి.

అరిగిన డిస్కుకు ఈ రెండు దోషాలూ ఉన్నాయి. పట్టీ చిరిగి కట్ట ఊరుతుంది. ఇక నీళ్ళంటారా, ఒంట్లో రక్తనాళాలు లేని భాగాల్లో అన్నిటికంటే పెద్దది డిస్కే. పసితనంలో ఉన్న కొద్దిపాటి నాళాలూ ఎదిగేకొద్దీ మూసుకుపోతాయి. పైన, కింద ఉన్న పూసల పలకల్లోంచి మెల్లగా ఊరి వచ్చే ఆహారమే దానికి ఆధారం. వయసుతో ఆ పలకలూ గట్టిపడతాయి. ప్రాణవాయువు తక్కువ, పులుపు ఎక్కువ, పైన మోయలేని బరువు. వాన లేని సీమలా ఉంటుంది లోపల. అక్కడ జెల్లు పోయడమంటే టాంకరుతో చెరువు నింపడం. కొన్నాళ్ళు బాగుంటుంది. పైగా సూదితో పొడవడమే కట్టకు ఒక బెజ్జం. పరీక్ష కోసం డిస్కులో సూది గుచ్చిన వాళ్ళను పదేళ్ళ తర్వాత చూస్తే, గుచ్చనివాళ్ళకంటే వాళ్ళ డిస్కులు ఎక్కువ అరిగాయని 2009లో అమెరికా డాక్టర్లు ప్రకటించారు.

మరి నీటిని పట్టే పదార్థాన్ని అక్కడే తయారుచేసే పనివాళ్ళనే పంపితే? మూలకణాలంటే ఆ పనివాళ్ళే. విత్తనం లాంటి ఈ కణం సందర్భాన్ని బట్టి ఇంకో రకం కణంగా మారగలదు. రక్తాన్ని పుట్టించే కణాల్ని 1961లో కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు నిరూపించారు. ఎముక మజ్జలో ఎముకను, మృదులాస్థిని చేయగల కణాలున్నాయని రష్యాలో ఫ్రీడెన్‌స్టైన్ చూపించాడు. వాటికి 1991లో మూలకణాలని పేరుపెట్టిన కాప్లన్ అనే ఆయనే 2017లో "అవి మనం అనుకున్నట్టు కొత్త కణజాలంగా మారవు, చుట్టుపక్కల కణాలకు కబుర్లు పంపి మందులా పనిచేస్తాయి, పేరు మార్చండి" అని రాశాడు. అప్పటికి ఆ పేరు బోర్డుల మీదికి ఎక్కేసింది. ఎవరు మారుస్తారు?

మూలకణాలు నిజంగా గెలిచిన చోటు మన దగ్గరే ఉంది. 1987లో హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, సున్నమో ఆమ్లమో పడి నల్లగుడ్డు పైపొర కాలిపోయినవాళ్ళకు 2001 నుంచి మూలకణాల చికిత్స చేస్తున్నారు. బాగున్న కంటి అంచునుంచి పిసరంత ముక్క తీసి, కణాల్ని పెంచి, పాడైన కంటి మీద పరుస్తారు. వాటిని పెంచింది దేనిమీదనుకున్నారు? కాన్పయ్యాక మాయతోపాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద! మన పెద్దవాళ్ళు గొయ్యి తీసి పాతిపెట్టించే ఆ పొర మీదే. 2022లో అదే ఆసుపత్రి, సి.సి.ఎం.బి., హైదరాబాదు ఐ.ఐ.టి. కలిసి మనిషి కంటి కణజాలంనుంచి చేసిన జెల్లులో మూలకణాలు కలిపి నల్లగుడ్డును అచ్చువేసి కుందేలు కంటికి అమర్చారు.

కంటిలో కుదిరింది నడుములో ఎందుకు కుదరదని అడగొచ్చు. కంటి పైపొర పలచనిది, చేతికి అందేది, కన్నీరు తడుపుతుంటుంది, బరువు మొయ్యదు. డిస్కు లోపలి కరువు చెప్పుకున్నాం కదా. ఆ కరువులోకి పంపిన వెయ్యి మంది కూలీలు ఏం తిని పనిచేస్తారు? జపానులో 2003లో కుందేళ్ళ డిస్కుల్లో ఈ కణాలు ఆశ పుట్టించాయి. కుందేలు మనిషిలా నిలబడి బిందె మొయ్యదు కదా! మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలో 404 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కణాలు, ఒక జట్టుకు జెల్లు లాంటి హయలురోనిక్ ఆమ్లంతో కలిపి కణాలు, ఒక జట్టుకు వట్టి ఉప్పునీళ్ళు. 2021లో ఫలితాలు చెప్పారు. ముందుగా పెట్టుకున్న అసలు లక్ష్యం అందలేదు. కలిపి ఇచ్చిన జట్టులో నొప్పి మాత్రం మిగతావాళ్ళకంటే ఎక్కువ తగ్గినట్టు కనిపించింది. ఉప్పునీళ్ళ జట్టులోనూ నొప్పి కొంత తగ్గింది! అమెరికా అధికారులు ఇంకో పరీక్ష చేసి రమ్మన్నారు. అది 2024లో మొదలైంది.

ఈ లోపల మన ఊళ్ళల్లో జరిగేది వేరు. నడుము నొప్పని వెళితే స్కానింగు తీస్తారు. "డిస్కు అరిగింది, ఉబ్బింది" అని రాసి వస్తుంది. గుండె జారిపోతుంది. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఈ స్కానింగు తీస్తే, అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు నూటికి 36 మందే. మిగతావాళ్ళంతా ఉబ్బిన, అరిగిన డిస్కులతోనే హాయిగా తిరుగుతున్నారు. జుట్టు నెరిసినట్టే డిస్కూ ఎండుతుంది. ఆ కాగితం ముక్కను చేతిలో పెట్టుకుని గాజులు తాకట్టుకు బయలుదేరేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మగవాళ్ళ వైద్యానికి పొలం, ఆడవాళ్ళ వైద్యానికి వాళ్ళ గాజులే కరగడం మన ఇళ్ళల్లో రివాజు కాదూ?

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నియమాల్లో, రక్త సంబంధమైన జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణాల చికిత్సలన్నీ పరిశోధన కిందికే వస్తాయని రాసింది. ఆ తర్వాత వేరే జబ్బులకు ఒకటి రెండు అనుమతులు వచ్చాయిగానీ, డిస్కుకు రాలేదు. పరిశోధన అయితే అందులో చేరే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో మనుషుల మీద జరిగే పరీక్షల్ని నమోదు చేసే పట్టిక 2007 నుంచి ఉంది. 2009 నుంచి కొత్త మందుల పరీక్షల్ని దాంట్లో ఎక్కించడం తప్పనిసరి. ఒక్కొక్క పరీక్షకూ సి.టి.ఆర్.ఐ. అన్న అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. కర్నూలయినా కడపయినా హైదరాబాదయినా, ఎవరైనా మీ నడుముకు ఆ సూది వేస్తామంటే ధర అడగకండి, ఆ నంబరు అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చి కాలేజీ చదివే పిల్లల చేత ఆ పట్టికలో వెతికించండి. అయిదు నిమిషాల పని.